తడి ఆకు

యలహంక, బెంగుళూరు
20 నవంబరు 1997

లిన్నీకి,
పిన్ని ముద్దులు ముందు, తిట్లు తర్వాత.

ముద్దులు నీ ఇంటర్మీడియట్ మార్కులకి. తిట్లు ఆ మార్కుల కాగితాన్ని అప్పడాల పొట్లంలా మడిచి పంపినందుకు. ఇస్త్రీ పెట్టె కింద పెట్టి సాపు చేసుకుని మా ఆసుపత్రి మేట్రన్ గారి దగ్గరికి పట్టుకెళ్లాను. ఆవిడ కళ్లజోడు సర్దుకుని, "ఈ ఎవాంజెలిన్ నీ అక్క కూతురా కృపా?" అంది. "అక్క పోయినప్పటి నుంచి నా కూతురే" అన్నాను. నవ్వి నీ పేరు రాసుకుంది.

కాబట్టి చెవులు రిక్కించి విను. జూన్‌లో మొదలయ్యే నర్సింగు బ్యాచిలో సిబ్బంది ఇళ్లలోని పిల్లలకని ఒకే ఒక్క సీటు ఉంచుతారు. ఈసారి అది నీది. మే నెలలో ఇంటర్వ్యూ. అంతా ఇంగ్లీషులోనే అడుగుతారు. నువ్వేమో తెలుగు మీడియం దానివి, "గుడ్ మార్నింగ్" అనడానికే గోడ పట్టుకుంటావు. అందుకే కందుకూరులో ఇంగ్లీషు క్లాసులో చేర్పించమని మీ నాన్నకి రాశాను. రోజూ బస్సెక్కి వెళ్లు. ఎగ్గొట్టావని తెలిసిందో, వచ్చి చెవి మెలేస్తాను.

ఇంకో మాట. ఇది మీ నాన్నకి కూడా చదివి వినిపించు. పొగాకు సీజను వస్తోంది. నిన్ను ఆకులోకి దించకూడదు. మేము మదనపల్లె వాళ్లం, టమాటా తోటల మధ్య పెరిగినవాళ్లం. ఆ పంట ఎలాంటిదో మా అక్కకి పెళ్లయి మీ ఊరొచ్చాకే తెలిసింది. గ్రేడింగు షెడ్డులో ఎండాకు దుమ్ము పీల్చి పీల్చి, ఆ దగ్గుతోనే పోయింది. పిల్లని ఆకు ముట్టనివ్వనని ఏలియా బావ ఆమె సమాధి దగ్గర నాకు మాటిచ్చాడు. మరిచిపోలేదనే అనుకుంటున్నాను.

ఇక్కడ నీకోసం నాకంటే ఎక్కువ ఎదురుచూస్తున్నది మా ఇంటి ఓనరు సుంకమ్మగారు. "ఆ పాప ఎప్పుడొస్తాదమ్మా? మేడ మీద రూము సుమ్నే ఖాళీగా ఉండాది. ఎవురికీ బాడిగకి ఇయ్యకుండా పెట్టుండాను" అని రోజూ అడుగుతుంది. ఆమెది తాతల కాలం నుంచి యలహంకే. సగం తెలుగు, సగం కన్నడం. నువ్వొచ్చిన మొదటి వారం నీకు ఏమీ అర్థం కాదు, రెండో వారం నువ్వూ అలాగే మాట్లాడతావు.

చలి మొదలైంది. నీకు స్వెట్టరు అల్లుతున్నాను. కొలత రాయమంటే రాయవు. నా అంచనాతో అల్లేస్తాను, తర్వాత బిగుతని ఏడవకు.

నీ పిన్ని
కృపమ్మ


పాతపాలెం, కందుకూరు దగ్గర
18 జనవరి 1998

పిన్నికి వందనాలు.

ఆలస్యంగా రాస్తున్నానని తెలుసు. చెవి చాపాను, మెలెయ్యి.

క్లాసులు బాగా జరుగుతున్నాయి. మాస్టారు మంచివారు. వెళ్తున్నాను, వస్తున్నాను. దాని గురించి పెద్దగా రాయడానికి ఏమీ లేదు.

నాన్న బాగున్నాడు. బ్యారన్ దగ్గరే ఉంటున్నాడు. అంటే ఆకు మాగబెట్టే కొట్టం. లోపల కర్రలకి ఆకు వేలాడదీసి, కింద పొయ్యి పెడతారు. ఆ పొయ్యి ఒక్క పూట ఆరినా ఆకంతా నల్లబడిపోతుంది. ఈసారి కట్టెలు దొరకడం లేదు. చర్చి వెనకాల తుమ్మలన్నీ కొట్టేశారు. మన దొడ్లో చింతచెట్టు కూడా పొయ్యిలోకి పోయింది. అమ్మ నాకు దాని కిందే జడ వేసేది, గుర్తుందా? కొడుతుంటే నేను లోపలే కూర్చున్నాను.

కూలీలూ దొరకడం లేదు. అందరి పొలాల్లోనూ ఆకు ఒకేసారి పండుతుంది, అందరికీ అదే రోజు మనుషులు కావాలి. నాన్న ఇల్లిల్లూ తిరిగాడు పాపం. ఎలాగో జరిగిపోతోందిలే. నువ్వేం దిగులు పెట్టుకోకు.

నా అక్షరాలు చూసి తిట్టకు. చలికి వేళ్లు వంగడం లేదు.

అన్నట్టు, ఈ మధ్య ఆకలి తగ్గింది. ఏం తిన్నా చేదుగా ఉంటోంది. పొద్దున పూట వికారం. మీ ఆసుపత్రిలో దీనికేమైనా మాత్ర ఉంటే పేరు రాసి పంపు. ఏం కాదులే, ఊరికే అడుగుతున్నాను.

సుంకమ్మగారికి నా వందనాలు చెప్పు. రూము ఎవరికీ ఇవ్వొద్దని చెప్పు.

నీ లిన్నీ


యలహంక
22 ఫిబ్రవరి 1998

లిన్నీ,

ఈ ఉత్తరం ఒక్కదానివే చదువుకో. నాన్నకి వినిపించే ఉత్తరం కాదు ఇది.

మా ఆసుపత్రి అంబులెన్సు డ్రైవరు స్టీఫెన్ తెలుసుగా, ఇక్కడి కాక్స్‌టౌన్‌లో పుట్టి పెరిగిన పట్నం పిల్లాడు. పోయిన వారం ఒక రోగిని నెల్లూరులో దింపడానికి వెళ్లాడు. అక్కడిదాకా పోతున్నావు, ఇంకొంచెం ముందుకెళ్లి మా పిల్లకి స్వెట్టరు ఇచ్చిరా నాయనా అని బతిమాలి పంపాను. వాడు ముందు కందుకూరులో నీ క్లాసుకి వెళ్లాడు. నువ్వు క్రిస్మస్ తర్వాత ఒక్క రోజు కూడా రాలేదని మాస్టారు చెప్పాడట. జనవరి ఉత్తరంలో "వెళ్తున్నాను, వస్తున్నాను" అని ఎవరు రాశారమ్మా? నేనా?

సరే అని వాడు మీ ఊరొచ్చాడు. చర్చి గోడ వెనక నువ్వు వాంతులు చేసుకుంటూ కనిపించావట. జుట్టంతా చెదిరిపోయి, ఒంటి మీద ఎవడిదో మగవాడి చొక్కా. నిలబడలేకపోయావట. చుట్టూ ఆడవాళ్లు "ఎన్నో నెలే?" అని పగలబడి నవ్వుతున్నారట. స్వెట్టరు ఒక ముసలమ్మ చేతిలో పెట్టి, నీతో మాట్లాడకుండానే వచ్చేశాడు. "నాకే తలెత్తబుద్ధి కాలేదు సిస్టర్" అన్నాడు. వాడు చెబుతుంటే నేను వార్డు మధ్యలో నిలబడి వింటున్నాను, చేతిలో థర్మామీటరు ఉంది, ఎవరికి పెట్టాలో మరిచిపోయాను.

ఆకలి లేదు, నోరు చేదు, పొద్దున వికారం. నువ్వే రాశావు. నేనే పట్టించుకోలేదు, చలికి అయ్యుంటుందిలే అనుకున్నాను. ప్రసూతి వార్డులో నా జుట్టు నెరిసింది లిన్నీ. పెళ్లికాని పిల్లల్ని తల్లులు చీర కొంగు కప్పి తీసుకొస్తారు. అందరూ "కడుపులో గ్యాసు సిస్టర్" అనే చెబుతారు. నేను మొహం చూసి చెప్పేస్తాను.

ఎన్నో నెల? ఎవడు వాడు? ఆ చొక్కా ఎవడిది?

కోప్పడను, ఒట్టు. కాదు, కోప్పడతాను, కానీ వదిలెయ్యను. వెంటనే కందుకూరు వెళ్లి పరీక్ష చేయించుకుని ఆ కాగితం నాకు పంపు. ఏదైనా చెయ్యాలంటే ఇప్పుడే చెయ్యాలి. సీటు సంగతి నేను చూసుకుంటాను.

పిన్ని


పాతపాలెం
2 మార్చి 1998

పిన్నికి,

నువ్వనుకున్నది లేదు. ఎవరూ లేరు. ఏ నెలా కాదు.

క్లాసుకి వెళ్లడం లేదన్నది నిజం. అబద్ధం రాశాను, తప్పే. దానికో కారణం ఉంది. ఇప్పుడు చెప్పనని ఒకరికి మాటిచ్చాను. ఈ నెల గడిస్తే నీకే తెలుస్తుంది. అందాకా ఆగు పిన్నీ.

పరీక్ష చేయించుకోను. కందుకూరులో ఆ ల్యాబు వాడు మన చర్చికే వస్తాడు. నేను ఆ గడప తొక్కితే చాలు, ఫలితం ఎవరికీ అక్కర్లేదు. అది ఒకటి. రెండోది, లేదని నేను చెబుతున్నాను. అమ్మ పోయిన రోజు నుంచి నీతో నేను చెప్పని మాట లేదు, ఈ ఒక్కటి తప్ప. నా మాట చాలదా నీకు?

లిన్నీ


యలహంక
11 మార్చి 1998

ఎవాంజెలిన్‌కి,

నీ జవాబు అందింది. కారణం ఉందంటావు, చెప్పనంటావు. లేదంటావు, పరీక్షకి పోనంటావు. ఏమీ లేని పిల్ల పరీక్షకి భయపడదు. నేను చూసినంత మందిని నువ్వు చూడలేదు.

నిన్న మేట్రన్ గారి దగ్గరికి వెళ్లి ఆ సీటు నుంచి నీ పేరు తీయించాను. ఎందుకని అడిగింది. అబద్ధం చెప్పడం నాకు చేతకాదు, అది మీ ఇంట్లో నేర్చుకుంటున్నారు. ఉన్నది చెప్పాను. రేపు సీటిచ్చాక కడుపు కనబడితే ఆవిడ మొహం, నా మొహం, ఆసుపత్రి మొహం ఏమవుతుంది?

ఆదివారం చర్చిలో స్త్రీల కూటంలో కూడా ప్రార్థనకి పెట్టాను. నీ పేరు చెప్పలేదు. "మా ఇంటి బిడ్డ ఒకతె పడిపోయింది, లేవనెత్తమని ప్రార్థించండి" అన్నాను. నాకున్నది నువ్వొక్కతెవని అందరికీ తెలుసు. చాలామంది ఏడ్చారు. నేను ఏడవలేదు. నీ మీద కోపంతో నాకు ఏడుపు కూడా రాలేదు.

ఇంటికి వచ్చేసరికి సుంకమ్మగారు మెట్ల మీద కూర్చుని ఉంది. సంగతి తెలిసింది కాబోలు. "ఆ పాపని అడిగితివా, లేక నువ్వే తీర్పు చెప్పేస్తివా?" అంది. ఆమెకేం తెలుసు. తలుపేసుకున్నాను.

బిడ్డ పుట్టాలో వద్దో నువ్వూ మీ నాన్నా తేల్చుకోండి. అవసరమైతే ఆసుపత్రికి రా, రోగులందరికీ తెరిచే తలుపు నీకూ తెరుస్తాను.

కృపమ్మ


పాతపాలెం
18 మార్చి 1998

పిన్నీ,

నేనిచ్చిన మాట ఇవాళ నీ ఉత్తరంతో తీరిపోయింది. మాట తీసుకున్నది నాన్నే. ఇక నేను దాచను, ఆయన కోప్పడితే కోప్పడనీ.

నేను ఆకు కోస్తున్నాను. క్రిస్మస్ అయిన వారం నుంచి.

నాన్నకి మనుషులు దొరకలేదు. పండిన ఆకు ఆగదు, మొక్క మీదే ఎండిపోతుంది. బ్యారన్ ఒక్క రోజులో నిండాలి, సగం నింపి కాల్చినా కట్టె అంతే పడుతుంది. "నాలుగు రోజులు రామ్మా, తర్వాత క్లాసుకి పోదువుగాని" అన్నాడు. ఆ నాలుగు రోజులు ఇంకా అవుతూనే ఉన్నాయి. "మీ పిన్నికి మాత్రం రాయకు. మీ అమ్మ దగ్గర మాటిచ్చినవాణ్ని, నా మొహం మీద ఉమ్మేస్తుంది" అని ప్రార్థనలో మోకాళ్ల మీద కూర్చోబెట్టి మాట తీసుకున్నాడు. ప్రార్థనలో ఇచ్చిన మాట కదా అని నేనూ ఊరుకున్నాను.

ఆకు ఎప్పుడు కోస్తారో నీకు తెలుసా? నీకు తెలిసింది ఎండాకు దుమ్మే. పచ్చాకు సంగతి నీకు తెలియదు, అమ్మ ఎప్పుడూ చెప్పి ఉండదు. తెల్లారకముందే మంచులో దిగాలి. ఎండెక్కితే ఆకు వడలిపోతుంది. కిందాకులు వంగి తెంచి, చంకలో దొంతర పెట్టుకుంటూ సాలు చివరిదాకా పోవాలి. మంచునీళ్లూ ఆకు పసరూ కలిసి చంకలోంచి నడుము దాకా కారతాయి. బట్టలు ఒంటికి అతుక్కుపోతాయి. అందుకే ఆడవాళ్లందరం పైన మగవాళ్ల పాత చొక్కాలు తొడుక్కుంటాం. నేను వేసుకున్నది నాన్నది. స్టీఫెన్ అన్న చూసిన మగవాడి చొక్కా అదే.

కాసేపు కోశాక తల తిరగడం మొదలవుతుంది. నోట్లో నీళ్లూరతాయి. ఒళ్లంతా చెమటలు, కాళ్లు వణుకుతాయి. తర్వాత కడుపులో ఉన్నదంతా పైకొస్తుంది. ఏమీ లేకపోతే పసరు వస్తుంది. ఆ జిగురు చేతికి పడితే ఎన్ని రోజులు కడిగినా పోదు, అన్నం కలిపితే అన్నం చేదు. ఊళ్లో దీన్ని "ఆకు పట్టింది" అంటారు. కొత్తగా దిగినవాళ్లని ఎక్కువగా పడుతుంది. మజ్జిగ తాగి నీడన పడుకుంటే సాయంత్రానికి తగ్గుతుంది. మర్నాడు తెల్లారి మళ్లీ దిగుతాం. బడి మానేసి వచ్చిన చిన్నపిల్లలూ ఉన్నారు. వాళ్లకీ ఇదే.

పెద్దక్క అని మాకు మేస్త్రి ఉంది. ఎవరు వాంతి చేసుకున్నా ఆమె అడిగే మాట ఒకటే. "ఎన్నో నెలే?" మనవలు ఉన్న ముసలమ్మకి పట్టినా అదే మాట. మొన్న సొన్నప్ప తాతకి పడితే ఆయన్నీ అడిగింది. అందరం నవ్వుతాం. ఏడ్చేబదులు ఆ నవ్వు నవ్వి మళ్లీ సాల్లోకి పోతాం. ఆ రోజు చర్చి కుళాయి దగ్గర చేతులు కడుక్కోవడానికి వచ్చాం. స్టీఫెన్ అన్న విన్నది ఆ పరాచికం. ఆయన నన్ను ఒక్క మాట అడిగి ఉంటే చెప్పేదాన్ని. అడగలేదు, ఆ మాట నీ దగ్గరికి మోసుకెళ్లాడు. నువ్వు తీసుకెళ్లి ప్రార్థనలో పెట్టావు.

నీ ఫిబ్రవరి ఉత్తరం నన్ను ఒక్కదాన్నే చదువుకోమన్నావు కదా, నాన్నకి వినిపించాను. చివరిదాకా చదివాను. "నాన్నా, పిన్ని నా గురించి ఇలా అనుకుంటోంది. ఇప్పుడైనా చెప్పేద్దాం" అన్నాను. పొయ్యిలో కట్టె ఎగదోశాడు. "ఆకు అయిపోనీయమ్మా. నేనే బెంగుళూరు పోయి చెబుతాను. ఇప్పుడు తెలిస్తే నా మొహం ఎక్కడ పెట్టుకోను?" అన్నాడు.

తన మొహం సంగతే చూసుకున్నాడు. నువ్వూ నీ మొహం, ఆసుపత్రి మొహం అని రాశావు. నా మొహం గురించి మీ ఇద్దరిలో ఒక్కరూ ఆలోచించలేదు.

ఇదంతా కట్టుకథ అనుకుంటావేమో. వచ్చి ఒక్క ఉదయం నా పక్క సాల్లో ఆకు కొయ్యి. అంతకంటే నేను చెప్పేదేం లేదు.

ఎవాంజెలిన్


యలహంక
24 మార్చి 1998

సెలవు పెట్టాను. శుక్రవారం బస్సుకి బయల్దేరుతున్నాను.

కృపమ్మ


యలహంక
6 ఏప్రిల్ 1998

లిన్నీ,

అమ్మా అని రాద్దామనుకుని మూడు కాగితాలు చింపేశాను. ఆ మాట రాసే మొహం నాకు లేదు.

నిజం చెప్పనా? నీ ఉత్తరం చదివాక కూడా నేను నమ్మి బయల్దేరలేదు. ఆకుని ముట్టుకుంటే వాంతులా, నర్సునైన నాకు తెలియని జబ్బా అనుకున్నాను. నిన్ను పట్టుకుందామనే వచ్చాను. నా సంచిలో ఆ పరీక్షకి కావలసినవన్నీ పెట్టుకుని వచ్చాను. నువ్వు చూశావో లేదో. చూసే ఉంటావు, సంచి నువ్వే లోపల పెట్టావుగా. చొక్కా తెచ్చి నా చేతిలో పెట్టి "వేసుకో పిన్నీ, చీర పాడవుతుంది" అన్నావు.

మొదటి సాలు పూర్తయ్యేసరికి నాకేమీ కాలేదు. లోలోపల గెలిచాననుకున్నాను, అంత పాడు బుద్ధి నాది. రెండో సాలు సగంలో నేల పక్కకి ఒరిగింది. తర్వాత జరిగింది నీకు తెలుసు. మడి గట్టు మీద మోకాళ్ల మీద పడి, మదనపల్లెలో అమ్మ పెట్టిన పాలు కూడా కక్కేశానేమో అనిపించింది. ఆ పెద్దక్క వచ్చి నడుం మీద చెయ్యేసి, "ఏం సిస్టరమ్మా, ఎన్నో నెల?" అంది. పొలమంతా నవ్వింది. పెళ్లి లేదు, పిల్లల్లేరు, తల నెరిసిన దాన్ని, అక్కడ బురదలో కూర్చుని ఆ మాట అనిపించుకున్నాను.

నువ్వు మాత్రం నవ్వలేదు. నా జుట్టు వెనక్కి పట్టుకుని నిలబడ్డావు. నవ్వి ఉంటే నాకు తేలికగా ఉండేది.

ఆ పూటంతా నీడన పడుకుని, ఇప్పుడు అడుగుదాం, కాసేపాగి అడుగుదాం అనుకున్నాను, క్షమించమని. బస్సు ఎక్కేదాకా నోరు పెగల్లేదు. రోజుకి ఎంతమందినో కసురుకునే నోరు ఇది. అందుకే ఇప్పుడు రాస్తున్నాను. నన్ను క్షమించు లిన్నీ. నీకు చెయ్యకూడని పని చేశాను. నీ మాట చాలదా అని అడిగావు. చాలాలి. నాకు చాలలేదు.

బావని నాలుగు దులపాలనుకునే వచ్చాను. ఆయన బ్యారన్ గుమ్మంలో కూర్చుని తలెత్తలేదు. "మినుము వేశాను, కొనేవాడు లేడు. జొన్న వేశాను, కొనేవాడు లేడు. ఆకైతే వేలంలో ఎవడో ఒకడు కొంటాడు కృపా. దానికోసం పిల్లని కూడా పొయ్యిలో పెట్టాను" అన్నాడు. నేను ఏ నోటితో తిట్టను? ఆయన నిన్ను ఆకులోకి దింపాడు. నేను నిన్ను కూటంలోకి దింపాను.

నిన్న ఆదివారం కూటంలో సాక్ష్యం చెప్పే సమయంలో లేచి నిలబడ్డాను. ప్రార్థనకి పెట్టిన పిల్ల పడిపోలేదని, పడిపోయింది నేనేనని, నీ పేరు పెట్టి చెప్పాను. ఆకు కోస్తే వచ్చే జబ్బుని నేను ఇంకోలా చూశానని చెప్పాను. నేను ముగించగానే అలవాటుగా ఎవరో "ఆమెన్" అన్నారు. తర్వాత ఎవరూ నా వైపు చూడలేదు. వాళ్లలో ఎందరు నమ్మారో తెలియదు. మొదటి మాట నమ్మినంత తొందరగా రెండో మాట నమ్మరు కదా. సుంకమ్మగారికీ చెప్పాను. "అయ్యో బేజారు పడొద్దమ్మా" అంటుందనుకున్నాను. "బేజారు పడాల్సిందే నువ్వు" అంది.

ఇప్పుడు అసలు సంగతి. రాయడానికి చెయ్యి రావడం లేదు, అయినా రాయాలి.

ఇవాళ మేట్రన్ గారి దగ్గరికి వెళ్లాను. ఆ సీటు ఇంకా ఎవరికీ ఇవ్వలేదు. కాళ్లు పట్టుకోవడం ఒక్కటే తక్కువ. అంతా విని ఆవిడ, "నీ మాట మీదే పేరు కొట్టేశాను కృపా. మళ్లీ నీ మాట మీదే ఎలా రాయను? కమిటీలో అందరి చెవినా పడింది. నాకు కాగితం కావాలి" అంది. పరీక్ష కాగితం. నువ్వు వద్దన్న ఆ పరీక్షే. ఇంటర్వ్యూకి వచ్చే ఇంకే పిల్లనీ ఎవరూ అడగరు. నిన్ను అడుగుతున్నారు, నా వల్ల.

చేయించుకోమని నేను చెప్పను. మానేయమనీ చెప్పలేను. చేయించుకుంటే నా అనుమానానికి నువ్వు తల వంచినట్టు. మానేస్తే సీటు పోతుంది, వచ్చే క్రిస్మస్ తర్వాత మళ్లీ ఆ సాళ్లలో ఉంటావు. రెండిట్లో ఏదైనా శిక్ష నీకే. తప్పు చేసింది నేను. తలుచుకుంటే నా మీద నాకే అసహ్యం వేస్తోంది.

నువ్వేం చెబితే అది చేస్తాను.

కృప పిన్ని


పాతపాలెం
17 ఏప్రిల్ 1998

పిన్నికి,

నీ ఉత్తరం వచ్చి వారమైంది. వెంటనే రాయాలనిపించలేదు.

ఆకు అయిపోయింది. బేళ్లు కట్టి వేలానికి తీసుకెళ్తే ఈ ఏడు రంగు బాగాలేదని రెండుసార్లు వెనక్కి పంపారు. మూడోసారి ఎంతకో ఒకంతకి కొన్నారు. నాన్న ఆ రోజు అన్నం తినలేదు. మర్నాడు పొద్దున వచ్చే ఏటికి కట్టెలు ఎక్కడ దొరుకుతాయని ఎవరినో అడుగుతుంటే విన్నాను. అప్పుడే నిర్ణయించుకున్నాను.

నేను వస్తాను. సీటు నాకు కావాలి. కోపం కోసం దాన్ని వదులుకోను. ఇక్కడ వదిలేస్తే పెద్దక్క తర్వాత మేస్త్రిని నేనే అవుతాను, ఎవరికి ఆకు పట్టినా ఆ మాట నేనే అడుగుతాను.

నీ సంచిలో ఏముందో చూశాను. నువ్వు సాల్లోకి దిగకముందే చూశాను. చూసి, మళ్లీ జిప్పు వేసి, చొక్కా తీసుకొచ్చాను. చూసినట్టు ఇన్నాళ్లూ చెప్పలేదు, నీకు సిగ్గేస్తుందని. ఇప్పుడు చెబుతున్నాను.

మేట్రన్ గారికి కాగితం ఇద్దాం. కానీ పరీక్ష ల్యాబులో ఎవరి చేతా చేయించుకోను, కందుకూరులో చేయించుకోను. నీ వార్డులో, నీ చేత్తో నువ్వే చెయ్యాలి. కాగితం మీద అడిగినవారు ఎవరో రాయాలిగా, అక్కడ నీ పేరు రాయి. ఆసుపత్రి పేరు కాదు, మేట్రన్ గారి పేరు కాదు.

నాన్ననీ తీసుకొస్తున్నాను. రానన్నాడు. "ఆడవాళ్ల పరీక్షకి నేనెందుకమ్మా?" అన్నాడు. రావాలి నాన్నా అన్నాను. ఈ పరీక్ష నాకు కాదు, నువ్వు చెప్పకుండా దాచిన దానికి అన్నాను. ఉన్న ఒక్క మంచి చొక్కా ఉతికి ఆరేసుకున్నాడు.

నేను హాస్టల్లోనే ఉంటాను. రూము బాడిగకి ఇచ్చేయమని సుంకమ్మగారికి చెప్పు. ఆమెని చూడటానికి వస్తుంటాను. నిన్నూ చూస్తాను. ఇప్పుడే నీ ఇంట్లో పడుకోలేను పిన్నీ, అంతే. ఎన్నాళ్లకో నాకూ తెలియదు.

మే పదకొండు పొద్దున మెజెస్టిక్‌లో బస్సు దిగుతాం. నువ్వు రా. ఆ రోజు చెయ్యాల్సినవి చేశాక, ఫలితం వచ్చినప్పుడు నన్ను పిలవకండి. నాకు అది ముందు నుంచీ తెలుసు. నువ్వూ నాన్నా కలిసి చదువుకోండి.

లిన్నీ